2 నుంచి 8 డిగ్రీల మధ్య

నేను సింగిల్ డోర్ ఫ్రిజ్‌ని. ఊరు బెజవాడ. సారె సామానుతో పాటు లారీ ఎక్కి వచ్చాను కాబట్టి ఈ ఇంట్లో కోడలికీ నాకూ కాపురం ఒకే రోజు మొదలైంది. వంటింట్లో చోటు చాలక నన్ను హాల్లో భోజనాల బల్ల పక్కన నిలబెట్టారు. దాంతో ఇంట్లో అనుకునే ప్రతి మాటా నా చెవిన పడుతుంది. ఫ్రిజ్‌కి చెవులేమిటని అడక్కండి. ఆత్మకథ చెప్పుకునే వస్తువుకి అన్నీ ఉంటాయి.

కోడలు లెక్కల టీచరు. ఆవిడ జబ్బు మొదట బయటపడింది నా కూరగాయల ట్రే దగ్గరే. ఒక పొద్దున టమాటాలు తీస్తూ ఆగిపోయింది. ఒక కన్ను మూసి చూసింది, తర్వాత రెండోది మూసి చూసింది. ఎడమ కంటికి ఎర్రగా నిగనిగలాడుతున్న టమాటా కుడి కంటికి వెలిసిపోయి కనిపిస్తోంది. కన్ను కదిపితే నొప్పి. కంటి నరం వాచినప్పుడు రంగుల్లో ముందుగా కళ తప్పేది ఎరుపేనట. కళ్ల డాక్టరు మందులిచ్చారు, కొన్ని వారాలకి చూపు కుదుటపడింది, అందరూ మర్చిపోయారు. మరుసటి ఏడు నడుము కింద తిమ్మిరి పట్టింది. అడుగు ఎక్కడ పడుతోందో తెలియడం లేదంది. అప్పుడు ఎమ్మారై తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి పంపారు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అని తేల్చారు. ఒంటిని కాచుకోవాల్సిన రోగనిరోధక కణాలే మెదడు, వెన్నుపాము, కంటి నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర మీద పడతాయి. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. ఆడవాళ్లలో మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.

సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించారు. మనిషి లేచి నడిచింది. అత్తగారు దుర్గమ్మకి చీర పెట్టి వచ్చింది. కానీ స్టెరాయిడ్ అప్పటి వాపుని తొందరగా తగ్గిస్తుందే తప్ప, రాబోయే ఏళ్లలో జబ్బు నడకని మార్చదు. అందుకు వేరే మందు వాడాలన్నారు డాక్టరు. అలా నాకు పని పడింది.

ఆ మందు ఇంటర్‌ఫెరాన్ బీటా. ఈ రకం మందుకి అమెరికాలో 1993లో మొదటిసారి అనుమతి దొరికింది. జబ్బు నడకని మార్చడానికని ఒప్పుకున్న మందు అంతకు ముందు ఒక్కటీ లేదు. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. పైన ఐసు పెట్టెలో పెడితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. వెనక గోడకి ఆనిస్తే మంచు పడుతుంది. మధ్య అరలో, పెరుగు గిన్నె పక్కన దానికి చోటు కుదిరింది. మా కాలనీలో కరెంటు పోయినప్పుడల్లా టీచరమ్మ ఇంట్లోవాళ్లని నా దరిదాపులకి రానిచ్చేది కాదు. మూసి ఉన్నంతసేపూ నా చలి నాలోనే ఉంటుంది.

ఇక వేడి సంగతి. నాకు బాగా తెలిసిన విషయం అదొక్కటే కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మల్టిపుల్ స్క్లిరోసిస్ కోసం ప్రపంచమంతా జరుపుకునే రోజు మే 30. సరిగ్గా ఆ కార్తెలోనే పడుతుంది. మా ఊరి ఎండ తెలిసినవాళ్లెవరూ ఆ తేదీ పెట్టి ఉండరు. ఆ రోజుల్లో మధ్యాహ్నం బజారుకి వెళ్లొస్తే టీచరమ్మ కాళ్లు బరువెక్కేవి, కుడి కంటికి మసక కమ్మేది. నా తలుపు తీసి మొహం లోపల పెట్టి నిలబడేది. ఇది 1890లోనే వూట్‌హోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు గమనించి రాసిన లక్షణం. మైలిన్ దెబ్బతిన్న నరంలో ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతం తడబడుతుంది. స్కానింగులు లేని కాలంలో రోగిని వేణ్నీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి ఈ జబ్బుని పట్టుకునేవాళ్లు కూడా.

ఆవిడకి పాప పుట్టాక మా ఇంట్లో ఆ పరీక్ష అనుకోకుండా జరిగిపోయింది. బాలింతని వాళ్లమ్మ నులకమంచం మీద కూర్చోబెట్టి కాగుతున్న నీళ్లు పోసింది. పోయడం అయ్యాక పిల్ల లేవలేకపోయింది. జబ్బు మళ్లీ తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ ఏడుపులు. ఫ్యాను కింద పడుకోబెట్టి తడిగుడ్డ వేశారు. సాయంత్రానికి మామూలుగా నడిచింది. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త ఇబ్బంది ఒక రోజు దాటి ఉంటేనే దాన్ని దాడిగా లెక్కించాలని డాక్టరు చెప్పారు. ఇది నాకు వెంటనే అర్థమైంది. నా తలుపు తెరిచి పెడితే లోపల వెచ్చబడుతుంది, మూస్తే మళ్లీ చల్లబడుతుంది. కంప్రెసర్ పోవడం వేరే సంగతి.

ఇంట్లోవాళ్లకి మాత్రం అర్థం కాలేదు. ఇంజక్షన్ చేసుకున్న రాత్రి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు రావడం ఆ మందు స్వభావం. దాన్ని చూసి పెద్దాడపడుచు తేల్చేసింది: "అది వేడి మందు వదినా. నీకు అసలే వేడి పడదు. మానెయ్." తర్కం ఎంత బాగుందో చూడండి! అలా ఒక వేసవంతా పెట్టె నా అరలో కదలకుండా ఉండిపోయింది. మజ్జిగ, సబ్జా, బార్లీ నీళ్లు నిండాయి. టీచరమ్మకి హాయిగానే ఉంది కూడా. వానలు పడి ఊరంతా చల్లబడ్డాక ఎడమ కాలు పడిపోయింది. ఈసారి సాయంత్రానికి తిరిగి రాలేదు. ఆ కాలు ఇప్పటికీ కాస్త ఈడుస్తుంది. ఎండ ఆవిడ రోజుని పాడు చేసింది, మందు మానడం కాలుని.

జబ్బు నడకని మార్చేవి వేరే ఉన్నాయి. మందు ఎంత తొందరగా మొదలుపెట్టామన్నది వాటిలో మొదటిది. పొగ తాగితే జబ్బు ముదరడం వేగమవుతుంది. అయ్యగారు బాల్కనీ సిగరెట్టు మానేశారు, ఆ విషయంలో ఆయనకి మార్కులు వేస్తాను. కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో దాడులు బాగా తగ్గుతాయి. కాన్పయ్యాక మూడు నెలలు పెరుగుతాయి. ఐరోపాలో 254 మంది స్త్రీలని గమనించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి సగటున 0.7 ఉన్న దాడులు ఆఖరి మూడు నెలల్లో 0.2కి దిగి, కాన్పు తర్వాత 1.2కి ఎగబాకాయి. పురిటి మంచం చుట్టూ చేరే ముత్తైదువలకి ఈ అంకెలు తెలిస్తే బాగుండును.

విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ. ఎండలో తిరగలేని మనిషికి ఎండలో దొరికే విటమిన్ కావాలి, చూడండి తమాషా! 60 వేల యూనిట్ల పొడి పొట్లాలు నా నెత్తిమీద డబ్బాలో ఉంటాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సంగతి 2022లో గట్టిగా తేలింది. కోటిమందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు చూస్తే, ఆ వైరస్ సోకాక ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. అయినా పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ ఉండే వైరసే అది, జబ్బు మాత్రం కొద్దిమందికే. కనుక దానొక్కదాన్నే దోషిని చేయలేం. ఆ వైరస్ దాక్కునేది బి కణాల్లో. టీచరమ్మకి ఇప్పుడు ఆసుపత్రిలో ఆరు నెలలకోసారి ఎక్కిస్తున్న రిటుక్సిమాబ్ ఆ బి కణాల్నే తగ్గిస్తుంది. నా మధ్య అరలో ఇప్పుడు పెరుగు గిన్నె ఒంటరిది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ జబ్బు పేరూ ఉంది. సర్టిఫికెట్టుకి వెళ్తే "బాగానే నడుస్తున్నారుగా" అన్నారట. అది చలికాలం, పొద్దున పది గంటలు. మేలో, మధ్యాహ్నం రెండింటికి పిలిచి ఉంటే తెలిసేది.

మీ ఇంట్లో వైశాఖంలో పెళ్లి పెట్టుకుని ఇలాంటి వాళ్లని పిలుస్తుంటే, ఏసీ గదిలో ఒక కుర్చీ వేయించండి. పీటల దగ్గరికి రాలేదని నొచ్చుకోకండి. వాళ్లు ఇంజక్షన్ వెంట తెచ్చుకుంటే మీ ఫ్రిజ్‌లో మధ్య అర ఖాళీ చేసి ఇవ్వండి. ఐసు పెట్టెలో మాత్రం పెట్టకండి.