సమోష్ణ ధూమోపాఖ్యానము

మన తార్కికులు శతాబ్దములపాటు ఒకే కొండను చూచుచు ఒకే అనుమానమును వల్లించిరి: అదిగో పొగ, కావున అచ్చట నిప్పు కలదు. నిప్పు లేనిదే పొగ రాదని మన అవ్వలు పొయ్యి యెదుట కూర్చుండి చెప్పినదియు అదియే. ఈ పురాతన సిద్ధాంతమును భగ్నము చేయుటకు పండిత పరిషత్తులలో ఏ దిగ్గజమును పూనుకొనలేదు గాని, సిగరెట్టు కంపెనీల ప్రయోగశాలలలోని ఇంజనీర్లు పూనుకొనిరి. వారి వాదమేమనగా, పొగాకును కాల్చుటయే పాపము. వెచ్చబెట్టినచో పుణ్యము కాకపోయినను పాపములో పెద్ద భాగము తరుగును. కావున నిప్పును తొలగించి వేడిమిని మాత్రము మిగిల్చిన యంత్రమును నోట నుంచుకొన్నవాడు పొగ త్రాగువాడు కాడు, ఏరోసాల్ సేవించువాడు.

ఈ విద్య నిన్నటి పుట్టుక కాదు. 1988లో అమెరికాలో రేనాల్డ్స్ కంపెనీవారు కొనయందు బొగ్గుముక్క నమర్చి, దాని వేడిమిచేతనే పని జరుగునట్లు కల్పించిన 'ప్రీమియర్' అను సిగరెట్టును అంగళ్లలో పెట్టి, దాని రుచి యెవరికిని మ్రింగుడుపడకపోగా మరుసటి యేడే మూట గట్టిరి. 2014లో ఫిలిప్ మోరిస్ వారు జపానులోని నగోయాలోను, ఇటలీలోని మిలానులోను 'ఐకాస్'ను దింపిన పిమ్మట గాని ఈ శాస్త్రమునకు మహర్దశ పట్టలేదు. మామూలు సిగరెట్టు కొన 600 మొదలు 900 డిగ్రీల సెల్సియస్ వరకు మండును. ఐకాస్ యంత్రము పొగాకు కడ్డీ నడుమ వేడి రేకును గ్రుచ్చి, ఆ ఉగ్రతను 350 డిగ్రీలకు లోబరచి ఉంచును. బ్రిటిష్ అమెరికన్ టొబాకో వారి 'గ్లో' ఇంకను సాధువు. అది కడ్డీ నడుమ ఏమియు గ్రుచ్చక, చుట్టును కౌగిలించుకొని, అంతకంటె తక్కువ వేడిమితోనే కార్యము నెరవేర్చును.

అయితే పొగాకునకు వేడిమిని ప్రక్కవానికి అందించు గుణము మిక్కిలి తక్కువ. నడుమ గ్రుచ్చిన రేకు 350 డిగ్రీలతో ఉడికిపోవుచున్నను, మూడు మిల్లీమీటర్ల అవతల కాగితము నానుకొనియున్న తునకకు ఆ వార్త తీరికగా చేరును. అది చేరులోపల రేకు నంటియున్న తునక నల్లబడును. వెరసి నడుమ మాడి అంచున పచ్చిగా మిగిలిన అట్టు. ఈ అట్టును సమముగా కాల్చుటకై, క్షమింపుడు, కాల్చకుండ సమముగా వెచ్చబెట్టుటకై, మహామేధావులు రేయింబవళ్లు శ్రమించిరి. ఆకును ఆకుగా ఉంచినచో వేడి సరిగా ప్రాకదని దానిని పొడిచేసి, గ్లిసరిన్ కలిపి, పలుచని పొరగా పోసి, ఆ పొరను మడతలుగా నొక్కి కడ్డీలో కూరిరి. పింగాణి రేకుమీద లోహపు గీతలు గీసి, ఆ గీతలే పొయ్యిగాను, ఆ గీతలే ఉష్ణమాపకముగాను పనిచేయునట్లు చేసిరి. వేడి హెచ్చినకొలది లోహమునకు విద్యుత్ నిరోధము హెచ్చును గనుక, దానిని చూచుకొనుచు లోపలి మెదడు లిథియం బ్యాటరీనుండి వచ్చు కరెంటును బిగించుచు వదలుచు ఉండును. 2021లో ఆ రేకును తీసివేసి, లోహపు పట్టీని కడ్డీలోనే దాచి, చుట్టునున్న తీగచుట్టచేత ఇండక్షన్ పొయ్యి పద్ధతిలో దానిని వేడెక్కించిరి. 6 నిమిషములో, 14 దమ్ములో, ఏది ముందైన అప్పటికి యంత్రము తనంతట తానే ఆగిపోవును. అపారమైన ప్రతిభయే, సందేహము లేదు.

ఈ ప్రతిభ యెవరికి ఉపకరించినదని అడుగుట మాత్రము అరసికతగా ఎంచబడుచున్నది. వేడిమి సమముగా ప్రాకినచో ప్రతి దమ్ములోను నికోటిన్ సమముగా వెలువడును. పాత సిగరెట్టులో మొదటి దమ్ము ఒక తీరు, చివరి దమ్ము మరొక తీరు; గాలి వీచిన త్వరగా కాలును, మాటలలో పడిన వృథాగా కాలును; అనగా వ్యసనమునకు న్యాయముగా రావలసిన వాటా దినదినమును కొంత దుర్వినియోగమగుచుండెను. ఈ ఘోరమైన అసమానత నేటికి తొలగినది. సమాజమున ఎచ్చటను కుదరని సమపంపకము చివరకు ఒక కడ్డీలో కుదిరినది.

శ్రీశైలం రోడ్డుమీద, మొన్నటివరకు ఫార్మా సిటీ పేరు చెప్పియు, నేడు ఫ్యూచర్ సిటీ పేరు చెప్పియు ప్లాట్లమ్ము బోర్డులు వరుసదీరిన కందుకూరులో, ఒక చాయ్ హోటలు బల్లవద్ద దుబాయినుండి దిగిన యువకుడొకడు ఈ యంత్రమును నాకు చూపుచు, "సార్, ఇది సిగరెట్ కాదు. దీన్ల మంట లేదు, బూడిద లేదు, వాసన లేదు. అంతా ఈవెన్ హీటింగ్" అని ఉపదేశించెను. అతడు వాడి పడవేసిన కడ్డీని నేను గోటితో చీల్చి చూచితిని. రేకు దిగిన చీలిక వెంబడి కాటుక వంటి నలుపు. దానిని చుట్టి ముదురు గోధుమవన్నె. కాగితము దగ్గర లేతవన్నెలో, ఏమియు జరుగనట్లు, పచ్చి పొగాకు. ఇది కాలినది కాదా యని అడుగగా, "కాలలే సార్, రోస్ట్ అయింది" అనెను. ఇంతలో అతడు బుల్లి కుంచె నొకదానిని తీసి యంత్రపు గొంతు తోమగా, నల్లని పొడి బల్లమీద రాలినది. హోటలు యజమాని గుడ్డతో తుడుచుచు, "బూడిద లేదంటివి గద తమ్మీ, మరి ఈ నలుపేంది?" అనెను. ఏరోసాల్ శాస్త్రములో దీనికి సమాధానము ఉండియుండును. మా బల్లవద్ద మాత్రము లేకపోయినది.

పొగాకును కాల్చకుండ సమముగా వెచ్చబెట్టు విద్య ఏదో నగోయాలో పుట్టినదని తలచువారు ఒకసారి దక్షిణకోస్తాలోని ఇంకొక కందుకూరునకు, పొగాకు బోర్డువారి వేలముపాటలు జరుగు కందుకూరునకు, పోయి చూడవలెను. అచ్చటి రైతు బ్యారన్‌లో ఆకు నంటకుండ గొట్టములలో వేడిని త్రిప్పి, ఆకు పసుపుబారువరకు 40 డిగ్రీల లోపున ఉంచి, పిమ్మట మెల్లమెల్లగా పెంచుచు, ఈనె ఎండునాటికి 70 డిగ్రీలకు తెచ్చును. ఐదారు దినములు రాత్రియనక పగలనక ఈ కాపలా సాగవలెను. పై వరుసకు ఒక వేడి, క్రింది వరుసకు ఒక వేడి తగిలినచో రంగు చెడును, వేలములో ధర పడును. ఒక్క ఆకు జారి కాగిన గొట్టముమీద పడినచో బ్యారనే అంటుకొనును. రాజమండ్రిలో 1947లో పొగాకు పరిశోధనాలయము వెలసినది, గుంటూరులో 1976లో బోర్డు వెలసినది. ఇన్ని దశాబ్దములలో కాల్చక వెచ్చబెట్టితిని గనుక నా సరకు ఆరోగ్యకరమని ఆ రైతు నోట ఒక్కమాట వెలువడలేదు. ప్రకటనల శాఖ లేకపోవుటచేత కాబోలు.

ఇక శాస్త్రజ్ఞుల మాట. కొన్ని విషపదార్థములు మామూలు సిగరెట్టుకంటె ఇందు చాల తక్కువగా వెలువడునను మాట నిజము. దానిని దాచుట నాకిష్టము లేదు. కాని 2017లో స్విట్జర్లాండు పరిశోధకులు ఐకాస్ విడుచు దానిని పరీక్షించి, నికోటిన్ మామూలు సిగరెట్టులోని దానిలో 84 శాతము కలదనియు, కార్బన్ మోనాక్సైడు మొదలగు కాలిన గుర్తులు కూడ కలవనియు వ్రాసిరి. కంపెనీవారు పరీక్షావిధానమే తప్పనిరి. 2020 జూలైలో అమెరికా ఎఫ్‌.డి.ఏ. మధ్యేమార్గము త్రొక్కినది: పూర్తిగా దీనికే మారినవారికి హానికర రసాయనముల సంపర్కము తగ్గునని చెప్పుకొనవచ్చును, రోగము తగ్గునని మాత్రము చెప్పుకొనరాదు. మొదటి వాక్యము ప్రకటనలలోనికి పరుగెత్తినది. రెండవది ఇప్పటికిని నడచుచున్నది.

మన ప్రభుత్వము ఈ వేదాంతములోనికి దిగక, 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి, ఆ సంవత్సరాంతమున చట్టము చేసి, ఇ-సిగరెట్టుతోబాటు ఈ వెచ్చబెట్టు యంత్రములను కూడ పేరుపెట్టి నిషేధించినది. కనుక మన దుబాయి యువకుడు శంషాబాదులో విమానము దిగునపుడు ఈ సరకును దిగుమతి చేసెనని తేలినచో, మొదటి తప్పునకు ఏడాదివరకు జైలైనను, లక్ష రూపాయలవరకు జరిమానాయైనను, రెండునైనను పడవచ్చును. అతడే అగ్గిపుల్ల గీచి బహిరంగస్థలములో నిజమైన సిగరెట్టును భగభగ మండించినచో జరిమానా 200 రూపాయలు దాటదు. 2003 నాటి చట్టము విమానాశ్రయములలో అందులకు వేరే గది నేర్పరచుటకు సయితము అనుమతించినది. జీవితబీమా సంస్థయే దేశములోని పెద్ద సిగరెట్టు కంపెనీలో పెద్ద వాటాదారు అనునది వేరే కథ.

ఈ వైపరీత్యమును చూపి యంత్రాభిమానులు న్యాయమడుగుచున్నారు: మండించు దానిని అమ్మనిచ్చి, వెచ్చబెట్టు దానిని ఆపుట యేమి సమత్వము? ప్రశ్న సరియైనదే. రెండింటిని ఒకే తీరుగా చూడవలెనన్న వాదమును నేను మనస్ఫూర్తిగా బలపరచి, అట్లయిన పాన్‌డబ్బాలోని సిగరెట్టును కూడ ఇదే చట్టములో చేర్చుదమని ఆ యువకునితో అంటిని. అతడు కుంచెను జేబులో పెట్టుకొని, చాయ్ డబ్బులు తానే ఇచ్చి, ఫ్లైటుకు టైమైనదని లేచెను.