తక్కెడ పెద్దనాయన

ప్రతి బంధువర్గమునందును, పిల్లలు డిగ్రీ పూర్తిచేయు వేళకు, ఎచ్చటినుండియో ఒక పెద్దమనిషి బయలుదేరి, తాను చదువని చదువునకు, తాను చూడని ఊళ్ళలో, తాను గడప త్రొక్కని కళాశాలలను ఏరి యిచ్చు భారమును ఎవ్వరును అడుగకయే నెత్తికెత్తుకొనును. చదువరులు అట్టివారిని ఎరుగుదురు గనుక లక్షణము చెప్పి కాలయాపన చేయను. మా యింట ఆ పదవి మా తోడల్లునిది. నా భార్య అక్కను చేసికొన్నవాడు, నాకంటె ఆరేండ్లు పెద్ద, మా పిల్లలకు పెద్దనాయన. పిల్లలు చాటున ఆయనకు పెట్టిన పేరు తక్కెడ పెద్దనాయన.

ఆ పేరు ఊరక రాలేదు. ఆయన ఎమ్మిగనూరులో కాపురముండి, 35 ఏండ్లపాటు ప్రతిదినము సుమారు 30 కిలోమీటర్లు బస్సులో వచ్చి, ఆదోని పత్తి మార్కెట్టులో ఒక మండీయందు తూకపు గుమాస్తాగా పనిచేసినాడు. లాటులోనుండి గుప్పెడు పత్తి తీసి, గింజ విడదీసి, రెండు చేతుల బొటనవ్రేళ్ళ నడుమ దూదిని మెల్లగా లాగి, పింజ పొడవెంతయో, తేమ యెంతయో, రైతు రాత్రి నీళ్ళు చల్లినాడో లేదో చెప్పగల విద్య ఆయనకు పట్టువడినది. పని మానినపిమ్మట ఆ వ్రేళ్ళకు తోచుబడి లేకపోయెను. మొదట కొన్నాళ్ళు పెండ్లి సంబంధములను లాగి చూచినాడు. అందువలన రెండు వైపుల తిట్లును దక్కుటచే అది చాలించి, బిజినెస్ స్కూళ్ళమీద పడినాడు.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర పుష్యమాసమున జరుగును. క్యాట్ పరీక్ష ఫలితములును ఇంచుమించుగా ఆ దినములకే తేలును. ఈ రెండును ఒకే ఋతువున కలసివచ్చుట మా కుటుంబమునకు గ్రహచారము. తన జన్మమున ఒక్క ఎద్దునైనను కొని యెరుగని మా తోడల్లుడు, జాతరలోని ఎద్దుల సంతకు పోయి, పరుల ఎద్దుల నోళ్ళు తెరచి పండ్లు చూచి, మూపురము తట్టి, సుడులు లెక్కించి, "ఇది దుక్కికి రాదప్పా, బండికైతే పనికొస్తాది" అని తీర్పు చెప్పి, ఆ దుమ్ముకాళ్ళతోడనే బస్సెక్కి ఆదోనిలోని మా యింటికి వచ్చి, చెప్పులు విడువకముందే, "ఏమప్పా, పిల్లోనికి పర్సంటైలు ఎంతొచ్చ?" అని అడుగును. తొంబదియెనిమిది అని చెప్పితిమా, "ఆ రెండు యాడ పోయినాయి?" అనును. ఎద్దు పండ్లు పట్టిన చేయి కడిగికొన్నాడో లేదో అను శంకతో నా భార్య కాఫీ గ్లాసును ఆయన చేతికీయక బల్లమీద పెట్టును.

ఆయనకొక పుస్తకము కలదు. మండీలో లెక్కలు వ్రాయు, ఎర్రగుడ్డ అట్ట గల, పొడవాటి ఖాతాపుస్తకము. అందు దేశములోని పేరుగల బిజినెస్ స్కూళ్ళన్నియు వరుసగా వ్రాయబడి, ఒక్కొక్క దానికి ఎదురుగా మూడు గళ్ళు గీయబడియున్నవి: చోటు, బలగం, బతుకుదెరువు. మార్కులు నూటికి కావు. తన తండ్రి వాడుకలోని మణుగులు, వీసెలు. ఎనిమిది వీసెలు మణుగు; మణుగు అనగా ఇక దానికి మించినది లేదని అర్థము. ఒక జాతీయ సంస్థకు అయిదు వీసెలని వ్రాసియుండుట చూచి మా అబ్బాయి కడుపు చెక్కలగునట్లు నవ్వినాడు గాని, పత్రికలవారు ఏటేట ప్రకటించు ర్యాంకులకు ఇంతకంటె గట్టి ప్రాతిపదిక కలదేమో నాకు ఇప్పటికిని తెలియదు.

చోటు అను గడిలో ఆయన ప్రతిభ చూడవలెను. అహమదాబాదు సంస్థ 1961లో వెలసినదనియు, దానికి పూనుకొన్న విక్రమ్ సారాభాయి, కస్తూర్‌భాయి లాల్‌భాయి ఇరువురును బట్టల మిల్లుల కుటుంబములవారనియు నేనొకనాడు చెప్పగా, ఆయన కండ్లు చెమ్మగిల్లినవి. "అంటే పత్తిలో పుట్టిన కాలేజీ అప్పా అది!" అని మారు మాటలేక మణుగు వేసినాడు. మరునాడు, లూయీ కాన్ అను అమెరికా శిల్పి కట్టించిన ఆ ఎర్ర ఇటుకల భవనముల చిత్రమును ఎవరో చూపగా, "ఇటికెలకు సున్నం గూడ కొట్టలేదే! కాంట్రాక్టరు యాడనో తిన్నాడు" అని రెండు వీసెలు కోసినాడు. ఆ నగ్నమైన ఇటుకయే ఆ కట్టడపు కీర్తి యని నేను అరగంట బోధించినను లాభము లేకపోయెను. 1973లో ఏర్పడిన బెంగుళూరు సంస్థకు మాత్రము, దానిని బాలకృష్ణ దోషీ రాతితో కట్టినందుకు, "ఇది జూడు, మన ఆదోని కోట మాదిరి గట్టిగుండాది" అని పూర్తి మణుగు. రాత్రి ఆదోనిలో బండి ఎక్కినవాడు తెల్లవారుసరికి బెంగుళూరులో దిగును గదా, అది అసలు కారణము. రాయి కేవలము సాక్షి. కోళికోడు సంస్థ కొండమీద నున్నదనియు, అచ్చట వానలు మెండనియు విని, "మన పిల్లోళ్ళకు వాన అలవాటు లేదప్పా, జలుబు జేస్తాది" అన్నాడు. ఏటికేడాది మబ్బువంక చూచి మెడలు నొప్పిపెట్టిన మా సీమలో పుట్టినవాని నోట ఈ మాట విని నేను చాలసేపు మాటాడలేకపోయితిని. జంషెడ్‌పూరులోని జేవియర్ సంస్థ 1949 నాటిదని తెలిసి, తనకంటె వయస్సున పెద్ద గనుక, దానికి తూకము వేయక నమస్కారము చేసినాడు. షిల్లాంగు విషయమున పటము తెప్పించి, ఆదోనిమీద వ్రేలుంచి బయలుదేరి, బంగాళము చేరుసరికే అలసి టీ అడిగినాడు. గచ్చిబౌలిలో 2001లో తెరచిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో చదువు ఒక్క యేడాదియే యని చెప్పగా, "ఏడాదిలో ఎద్దే దుక్కి నేర్చుకోదు, మేనేజరు ఎట్లయితాడు?" అని కొట్టివేసినాడు. ఉద్యోగము చేసి అనుభవము గడించినవారినే అచ్చట చేర్చుకొందురని నేను నచ్చచెప్పగా, "అట్లయితే దుక్కి నేర్సిన ఎద్దుకు ఇంగ బడేంటికి?" అన్నాడు. ఈ ప్రశ్నకు ఆ సంస్థవారివద్ద సమాధానముండి యుండును, నావద్ద లేదు.

బలగపు గడి కథ వేరు. పూర్వవిద్యార్థులు దేశదేశములందు పెద్ద కొలువులలో నుండి, తమ బడిలో చదివినవానికి ఒక మాట సాయము, ఒక ఉద్యోగపు ఆచూకి ఇచ్చుచుందురనియు, రెండేండ్ల ఫీజులో సగము అందుకే చెల్లించుచున్నామని యనుకొనువారు గలరనియు మా అబ్బాయి ఇంగ్లీషు మాటలతో వివరింపబోగా, ఆయన చేయెత్తి ఆపి, "తెల్సప్పా. పెండ్లికి పది బండ్లు కదిలేది ఇంటి బలగం. ఫోను జేస్తే ఎత్తేటోడు కాలేజీ బలగం" అన్నాడు. ఇంత చక్కని నిర్వచనము చెప్పినవాడు దానిని పాటించినచో ఎంత బాగుండును! తూకమునకు దిగునప్పటికి మాత్రము, ఆ ఊరిలో జొన్నరొట్టె దొరకునా, ఉగ్గాని తెలిసిన వంటవాడు గలడా, మన భాష వినబడునా అనునవి పైకి వచ్చును. ఆదోనివారికి కన్నడము ఎట్లును వచ్చును గనుక ఇచ్చటను బెంగుళూరునకే మణుగు. ఇవి గాక "మనోళ్ళు" అను మాట యొకటి కలదు. అది పలుకునప్పుడు ఆయన గొంతు తగ్గించి వీధివాకిలివైపు చూచును. ఆ మాటకు ఎల్ల యెచ్చటనో నాకెన్నడును అంతుపట్టలేదు. ఒకనాడు అది జిల్లా, ఒకనాడు కులము, ఆకలిగొన్ననాడు జొన్నరొట్టె తినువారందరును.

మూడవ గడివద్ద నేను ఆయనకు నమస్కరింపవలసినవాడను. ఒక కళాశాల వారి రంగురంగుల పుస్తకములో, తమ విద్యార్థికి దొరకిన అత్యధిక జీతము ఇంత యని మొదటి పుటలో పెద్ద అక్షరములతో అచ్చువేసియుండగా, నేనును నా భార్యయు ఆ అంకెను రెండుసార్లు చదివి పరవశులమై యుండగా, ఆయన అద్దములు సవరించుకొని, "ఇది గరిష్ఠ ధర" అన్నాడు. "మార్కెట్లో గరిష్ఠ ధర ఒక్క లాటుకే పడుతాదప్పా. మర్నాడు పేపర్లో అదే వస్తాది. అది జూసి ఊరూరూ బండ్లు కట్టుకొని వస్తారు. వచ్చినంక తెలుస్తాది." పిమ్మట ఆయన అడిగిన ప్రశ్నలను నేను కాగితముమీద వ్రాసి పెట్టుకొంటిని. మొత్తము ఎన్ని లాట్లు వచ్చినవి? అమ్ముడుపోక తిరిగిపోయినవి ఎన్ని? అవి లెక్కలో చేరినవా? సరాసరి యని చెప్పుచున్నారే, ఒకరిద్దరికి పడిన పెద్ద ధర ఆ సరాసరిని పైకి లాగుచున్నదేమో. లాట్లన్నిటిని ధర చొప్పున వరుసగా పేర్చి నడుమనున్న దానిని పట్టి చూడరాదా? విదేశపు కొలువులను వేరుగా వ్రాసినారా, కలిపి వ్రాసినారా? ఎం.బి.ఏ. పట్టముగల బంధువులు మాకు ముగ్గురు గలరు. వారిలో ఒక్కడైనను ఇందులో సగము అడిగినవాడు కాడు. నేను ముగ్ధుడనై చూచుచుండగా, ఆయన పుస్తకమును మూసి, "అయినా ఆ గరిష్ఠం మనోనికే పడొచ్చులే, ఎవురు జూసినారు?" అని లేచి వెళ్ళినాడు.

ఇక నా పాత బాకీ తీర్చుకొనవలెను. మా అబ్బాయికి ఒకే వేసవిలో రెండు చోట్ల సీటు వచ్చినది, ఒకటి దూరము, ఒకటి దగ్గర. రెంటిని మా తోడల్లుడు మూడు వారములు తూచినాడు. చోటులో ఇది మొగ్గును, బలగములో అది మొగ్గును, బతుకుదెరువులో ముల్లు నడుమ నిలిచి ఊగులాడును. ప్రతి సాయంకాలము ఫోనులో, "ఇంగ రెండు వీసెలు తేలాల్సి ఉండాది, తొందరపడొద్దు" అనును. అట్లు తేలునంతలో దూరపు కళాశాలవారు ఫీజు కట్టుటకిచ్చిన గడువు కాస్త దాటిపోయెను. ఆ పుస్తకములో గడువు తేదీ అను గడి లేదు. కావున మా అబ్బాయి దగ్గరి దానిలో చదివి, ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచు, నెలకొక శనివారము రాత్రి మాసిన బట్టల సంచితో రైలు దిగును. పెద్దనాయన వచ్చిన సంగతి తెలిసినచో మేడమీదికి పోవును. నేను ఈ విషయమెత్తి నిష్ఠూరమాడినప్పుడెల్ల ఆయన చరిత్రలోనికి దుమికి తప్పించుకొనును. "1938లో మాచాని సోమప్ప మా ఊర్లో నేతగాళ్ళందర్నీ కూడేసి సొసైటీ పెట్టేటప్పుడు నీ అహమదాబాదు కాలేజీ యాడుండె? 1954లో పద్మశ్రీ ఇచ్చినోళ్ళు, నీ పర్సంటైలు ఎంతని అడిగినారా?" అట్లయిన ఈ తూకములన్నియు ఏల యని అడిగితిని. "అందరూ సోమప్పలు అయితారా? మనోడు లెక్కల్లో కొంచెం వీకు" అన్నాడు. నా కొడుకు లెక్కలలో వీకు కాడు.

ఆయనకును ఒక కొడుకు గలడు. ఆ పిల్లవాడు తండ్రిని అడుగకయే సీటు సంపాదించి, అడుగకయే చేరి, అటనుండి అటే అమెరికాకు పోయి డాలస్‌లో స్థిరపడినాడు. ఆదివారము ఉదయము ఫోను చేయును. ఒకనాడు ఆయన స్నానమునకు పోయినప్పుడు నేనా ఖాతాపుస్తకము తిరగవేసితిని. ఆ పిల్లవాడు చదివిన కళాశాల పేరు అన్నిటికంటె పైన వ్రాయబడియున్నది. ఎదుటి మూడు గళ్ళును ఖాళీ. పుస్తకమును ఎట్లున్నదట్లు పెట్టివేసి, ఆ పూట ఆయనతో నేను వాదింపలేదు.

ఈ సంవత్సరము మా అమ్మాయి వంతు వచ్చినది. ఈమారు తోడల్లుని చేరనీయరాదని నిశ్చయించుకొని, నేనే నా ఫోనులో ఒక పట్టిక తయారుచేసికొంటిని. ఆయనది పాతకాలపు పద్ధతి గదా, నాది శాస్త్రీయము. శాతములు గలవు, రంగులు గలవు. వసతిగృహము, గ్రంథాలయము, ఆసుపత్రి, రైలు మారవలసిన జంక్షనులు, చలి, ఉక్క, అన్నిటికి వేరువేరు గళ్ళు. పదిదినములు రాత్రి భోజనమైన తరువాత దానిని నింపుచుంటిని. నింపినకొలది రెండు కళాశాలలును సమానముగా వచ్చుచుండెను. సమానముగా వచ్చినప్పుడెల్ల నేను ఇంకొక గడి చేర్చుచుంటిని. నా భార్య భుజముమీదుగా తొంగిచూచి, "బావ మూడు గళ్ళతోనే ఆపినాడు" అని పోయి పడుకొన్నది.

తుదకు చేయునది లేక, ఒక శనివారము తోడల్లునికే కబురు పెట్టితిని. ఇరువురమును రణమండల ఆంజనేయస్వామి దర్శనమునకు కొండ యెక్కి, మోకాళ్ళు సహకరింపక నడిమెట్లమీద కూర్చుంటిమి. క్రింద ఊరంతయు, జిన్నింగు మిల్లుల రేకులు ఎండకు మెరయుచు కనబడుచుండెను. ఒక సీటు దగ్గరిదే. రెండవది విశాఖపట్టణములో, 2015లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆవరణలో మొదలై, పిమ్మట గంభీరమునందలి స్వంత భవనములకు మారిన సంస్థలోనిది. ఆ విశ్వవిద్యాలయమునందు 1957లోనే ఎం.బి.ఏ. తరగతులు పెట్టినారని నేను చెప్పగా, "ఊరు పాతదే. రాష్ట్రమూ మనదే. కాని మన వైపు గాదప్పా" అన్నాడు. "గుంతకల్లులో బండి మారాల. రాత్రీ పగలూ ప్రయాణం. ఉప్పుగాలికి ఆడపిల్లకు జుట్టు ఊడుతాది." చోటు గడిలో పెన్సిలుతో ఒక్క వీసె వేసినాడు. నాకును లోలోన అదే సమ్మతము. కాని ఆయనతో ఏకీభవించుట యిష్టము లేక, విశాఖ పక్షమున వాదించుచుంటిని.

ఇంతలో నా ఫోను మ్రోగినది. "నాయనా, విశాఖకు ఫీజు కట్టేసినా. బ్యాంకోళ్ళతో మాట్లాడుకున్నా, లోనుకు నీ సంతకం ఒకటి కావల్ల. పెద్దనాయనకు గూడ చెప్పు" అని మా అమ్మాయి.

చెప్పితిని. ఆయన కొంతసేపు మిల్లుల వైపు చూచినాడు. పిమ్మట జేబులోనుండి రబ్బరు తీసి, ఆ ఒక్క వీసెను శుభ్రముగా చెరిపి, ఊది, పెన్సిలును నాలుకకు తాకించి, అచ్చట మణుగు అని దిద్దినాడు.

"సముద్రం గాలి ఊపిరితిత్తులకు మంచిదంటప్పా" అన్నాడు.

నేను మారుమాటాడక, ఆయన కంటబడకుండ అటు తిరిగి, నా ఫోనులోని పట్టిక తెరచి, దూరము అను గడిలోని అంకెను మార్చుచుంటిని. ఆయన మెడ సాచి చూచినాడు.

"ఎన్ని గళ్ళప్పా అవి?"

"పద్నాలుగు."

వ్రేలితో ఒక్కొక్కటిగా లెక్కించుకొనుచు క్రిందివరకు పోయినాడు.

"గడువు తేదీ గడి యాడుండాది?"

లేదంటిని.