వారానికి యాభై జాకెట్లు

చేతిలో ఒక పని, పక్కన ఒక ఫోను ఉన్న ప్రతివారికీ ఇప్పుడు ఒకటే ఉపదేశం అందుతోంది: పోస్టు పెడితే చాలదు, డబ్బు కట్టి బూస్ట్ చేయాలి. మెహందీ పెట్టే అమ్మాయికి, పెళ్లి ఫొటోలు తీసే అబ్బాయికి, ఇంట్లో కేకులు చేసే ఇల్లాలికి, లెక్కల ట్యూషన్ చెప్పే మాస్టారికి, చివరికి ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారికి కూడా. ఊరందరి జాతకం చెప్పే సిద్ధాంతిగారికి తన దగ్గరికి ఎవరొస్తారో మాత్రం ఫేస్‌బుక్కే చెప్పాలట.

వీళ్లందరిలో మగ్గం వర్క్ చేసే ఆవిడ సంగతే తీసుకుందాం. కూకట్‌పల్లి వైపు ఏ సందులోకి వెళ్లినా అలాంటావిడ ఒకరు తగులుతారు. ముందుగదిలో మగ్గం, దాని మీద బిగించిన పట్టుగుడ్డ, ఆరీ సూది, చిన్నచిన్న డబ్బాల్లో జర్దోసీ, కుందన్లు, పూసలు. పెళ్లికూతురి జాకెట్టంటే చేతుల నిండా పనే. ఇద్దరు వంగి కూర్చున్నా రోజులు పడుతుంది. అలాంటివి నెలకు ఎన్ని చేయగలదో ఆవిడకు తెలుసు, ఆవిడ మెడనొప్పికి ఇంకా బాగా తెలుసు. అది అడగకుండా సలహా ఇవ్వగలవాడు లోకంలో ఒక్కడే, డిజిటల్ మార్కెటింగ్ కుర్రాడు.

"అక్కా, మీ వర్క్ సూపర్. కానీ రీచ్ లేదు."

"రీచ్ అంటే?"

"ఎంతమంది చూశారని."

"చూస్తే?"

"లీడ్స్ వస్తాయి."

"వస్తే?"

"కన్వర్ట్ చేసుకుంటాం. తర్వాత స్కేల్ చేద్దాం అక్కా!"

మరి కుట్టేదెవరు అని ఆవిడ ఇంకొక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది. ఆ ప్రశ్న కుర్రాడి కోర్సులో లేదు. అమీర్‌పేటలో ఒకప్పుడు జావా బోర్డులు వేలాడిన గోడల మీద ఇప్పుడు వేలాడుతున్న డిజిటల్ మార్కెటింగ్ బోర్డుల్లో ఆ పాఠం ఉందని నేననుకోను.

ఈ ప్రకటనల వ్యవహారంలో ఒక నియమం ఉంది, చాలామందికి తెలియదు. ప్రకటన మొదలుపెట్టగానే ఫేస్‌బుక్ నడిపే మెటావారి యంత్రం కొన్నాళ్లు 'లర్నింగ్ ఫేజ్'లో ఉంటుంది. ఎవరికి చూపిస్తే పని అవుతుందో అప్పుడు నేర్చుకుంటుందన్నమాట. ఆ చదువు పూర్తి కావాలంటే ఒక్కో యాడ్ సెట్‌కు వారంలో సుమారు 50 ఫలితాలు రావాలని కంపెనీవారే చెబుతూ వచ్చారు. ఫలితమంటే ఏది కావాలని అడిగామో అది. ఆర్డర్లు కావాలంటే యాభై ఆర్డర్లు. అంటే ఈవిడ దగ్గరికి ఎలాంటివారు వస్తారో యంత్రానికి తలకెక్కాలంటేనే వారానికి యాభై జాకెట్లు ఒప్పుకోవాలి. అంత పని ఉన్న మనిషి ప్రకటన జోలికి ఎందుకెళ్తుంది? లేని మనిషి దగ్గర యంత్రం ఏం నేర్చుకుంటుంది? ఈ చిక్కుముడి విప్పడానికి కుర్రాడి దగ్గర ఒక ఉపాయముంది. "బడ్జెట్ పెంచుదాం అక్కా!"

పెంచలేనివారి కోసం ఇంకో దారి. ఆర్డర్లు మానేసి మెసేజ్‌లు అడగడం, అవీ ఖరీదైతే లైకులు అడగడం. యంత్రం చెప్పినమాట తు.చ. తప్పకుండా వింటుంది. లైకులు అడిగితే, కనిపించిన ప్రతిదానికీ లైకు కొట్టేవాళ్లనే వెతికి తెస్తుంది. మెసేజ్‌లు అడిగితే మెసేజ్‌లు పెట్టేవాళ్లను తెస్తుంది. 'ప్రైస్ ప్లీజ్.' 'క్యాష్ ఆన్ డెలివరీ ఉందా?' 'షాపు ఎక్కడండీ?' చిరునామా ఆ పోస్టులోనే ఉంటుంది, అది వేరే సంగతి. ధర చెప్పగానే ఒక బొటనవేలు వస్తుంది. ఆ బొటనవేలు తాలూకు మనిషి మళ్లీ కనబడదు. ఇక 'హాయ్ డియర్' అని పలకరించేవాళ్లలో జాకెట్టు అవసరమున్న ప్రాణి ఒక్కటీ ఉండదు.

రాత్రి పదకొండింటికి ఆవిడ సూది పక్కనపెట్టి వీళ్లందరికీ జవాబులు రాస్తుంది. ఆలస్యమైతే లీడ్ చల్లారిపోతుందట. ఈలోగా డబ్బు చేతిలో పెట్టి, ఆది జాకెట్టు ఇచ్చి వెళ్లిన అసలు పెళ్లికూతురి పని రెండు రోజులు వెనకబడుతుంది. ఆ నష్టం చూపించే గడి ఏ డ్యాష్‌బోర్డులోనూ లేదు.

పోటీ ఎదురువీధి టైలరుతో అనుకుని ఆవిడ రంగంలోకి దిగింది. కానీ ఫోను తెర మీద ఖాళీ దొరికిన ప్రతిసారీ అక్కడ వేలంపాట జరుగుతుంది. ఆ పాటలో పక్కన కూర్చున్నవాళ్లు నగల దుకాణాలవాళ్లు, గేటెడ్ కమ్యూనిటీ ప్లాట్లవాళ్లు, పండగ సేల్ పెట్టిన ఆన్‌లైన్ అంగళ్లవాళ్లు. దసరా ముందు పాట ఎంతెంతకు పెరుగుతుందో చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే ఈవిడ రోజుకు రెండువందలతో చెయ్యెత్తుతుంది. పోనీ సీజను కానప్పుడు చవగ్గా వస్తుందా అంటే, వస్తుంది. శుక్రమూఢమిలో వస్తుంది. ముహూర్తాలే లేని రోజుల్లో పెళ్లి జాకెట్ల ప్రకటన చూపించినందుకు యంత్రాన్ని తిట్టి ఏం లాభం, దానికి పంచాంగం ఎవరు నేర్పారు కనుక?

పన్ను సంగతీ చెప్పేస్తాను. వెయ్యి రూపాయల ప్రకటన మీద 18 శాతం జీఎస్టీ అంటే మరో 180. సేవల వ్యాపారంలో ఏడాదికి 20 లక్షలు దాటనివారికి మన రాష్ట్రాల్లో జీఎస్టీ నమోదు అక్కర్లేదు. నమోదు లేదు కాబట్టి కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకునే దారీ లేదు. పెద్ద కంపెనీలు రాబట్టుకుంటాయి. మన ఆవిడ దేశసేవ చేస్తుంది.

ఫేస్‌బుక్‌లో మొదట్లో ఇలా డబ్బు కట్టాల్సి ఉండేది కాదు. పేజీ పెట్టుకోండి, నలుగురినీ పోగేయండి, అంతా ఉచితం అన్నారు. జనం చేరారు. 2014 నవంబరులో ఫేస్‌బుక్ ఒక ప్రకటన చేసింది: మరీ వ్యాపార ప్రచారంలా ఉండే పేజీ పోస్టులు 2015 జనవరి నుంచి తక్కువమందికి కనబడతాయని. 2018 జనవరిలో, బంధుమిత్రుల పోస్టులకే ముందుపీట అన్నారు. ఉచితంగా రోడ్డు వేసి, ఊరంతా దానికి అలవాటుపడ్డాక టోల్‌గేటు పెట్టినట్టు. బూస్ట్ అనేది ఆ టోల్ రసీదు. మనవాళ్లు దాన్ని పెట్టుబడి ఖాతాలో రాసుకుంటున్నారు.

ఇక ఆ రీచ్ లెక్కలు. అమెరికాలో 18 నుంచి 24 ఏళ్ల మధ్య వయసున్న 4.1 కోట్ల మందికి మీ ప్రకటన చేర్చగలం అని 2017లో ఫేస్‌బుక్ ప్రకటనకర్తలకు చూపించింది. జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ఆ వయసువాళ్లున్నదే 3.1 కోట్లు. ఒక విశ్లేషకుడు ఈ తేడా ఎత్తిచూపితే, మా అంచనాలు జనాభా లెక్కలతో సరిపోలడానికి తయారుచేసినవి కావని జవాబొచ్చింది. పుట్టని కోటిమందికి సరుకు చూపించగలవాళ్లకు కూకట్‌పల్లిలో పెళ్లికూతుళ్లను పుట్టించడం ఎంతసేపు!

ప్రకటనలే దండగ అనడం లేదు నేను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచి ఊరూరా తెలిసేలా చేశారు. అది సీసా సరుకు. గిరాకీ పెరిగితే ఇంకో వెయ్యి సీసాలు నింపొచ్చు. చీరల నిల్వ ఉన్నవాళ్లు, ఊరికి కొత్తగా వచ్చి ఎవరూ తెలియనివాళ్లు చుట్టుపక్కల నాలుగు కిలోమీటర్లకు పరిమితం చేసి కొద్దిరోజులు ప్రకటన వేసుకుంటే తప్పులేదు, నిజంగానే పనిచేయొచ్చు. ఈవిడ అమ్మేది సరుకు కాదు, తన రెండు చేతుల సమయం. వచ్చే మాఘమాసానికి ఆ చేతులు నిండాలంటే ఆవిడకు కావలసింది పదిమంది. ఆ పదిమందిని తేవడానికి యాభైవేలమంది ముందు నిలబడటమెందుకో, కిందటేడు జాకెట్టు కుట్టించుకున్న పదిమందికి ఫోను చేసి "పెళ్లికి బాగా కుదిరిందామ్మా?" అని అడగకపోవడమెందుకో నాకు ఎంత ఆలోచించినా అంతుబట్టదు. బహుశా ఫోను చేస్తే గ్రాఫు రాదు కాబట్టి.

అన్నట్టు మార్కెటింగ్ కుర్రాడికి ఈవిడ ఏ టార్గెట్ ఆడియన్స్‌లోనూ దొరకలేదు. వాళ్ల పిన్ని జాకెట్లన్నీ ఇక్కడే కుట్టించుకుంటుంది. "ఆవిడకు మంచి పేరుందిరా, ఖాళీగా ఉండే బదులు ఒకసారి వెళ్లి అడుగు" అందట.