డబ్ల్యూ ఎఫ్ 5 ఎఫ్: టీకా తాత్పర్యం

మూలం: డబ్ల్యూ ఎఫ్ – 5 – ఎఫ్.

అవతారిక: ఈకల కొక్కెంతో చేపలు పట్టే వేటలో వాడే ఫ్లై లైను పెట్టె మీద అచ్చయి ఉండే సూత్రం ఇది. క్రియ లేదు, విభక్తి లేదు, కర్త పేరు అసలే లేదు. అయినా శాస్త్రగ్రంథానికి ఉండవలసిన అనుబంధ చతుష్టయం పూర్తిగా ఉంది. విషయం లైను. ప్రయోజనం ట్రౌట్ చేప. సంబంధం రాడ్డుకూ లైనుకూ నడుమ ఉన్నది. అధికారి, అంటే దీన్ని చదవడానికి అర్హుడు, జంషెడ్‌పూరు ఉక్కు కంపెనీలో రిటైరై అక్కడే కదమాలోనో బిష్టుపూర్‌లోనో కాపురముంటూ, జూబిలీ పార్కులోని జయంతి సరోవర్‌లో రోహూ, కట్లా చేపలకు గాలం వేయడం మరిగిన తెలుగు పెద్దమనిషి. వేసవిలో డెన్వర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు సౌత్ ప్లాట్ నదిలో ట్రౌట్ పట్టాలన్నది ఆయన సంకల్పం. ఆ కోరిక ఊరి నదులైన సువర్ణరేఖలోనో ఖర్కాయిలోనో తీరేది కాదు. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్ మేత మానేసి నీరసించిపోతుంది.

కల్యాణి చాళుక్య ప్రభువు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదమనే భాగం ఉంది. రాజోచిత వినోదాల్లో గాలానికి చోటిచ్చిన ఆయన దగ్గర కూడా ఈ సూత్రానికి సాయం దొరకదు. ఆయనది ఎర వేసి పట్టే పద్ధతి. ఇక్కడ ఎరే లేదు.

టీక: డబ్ల్యూ ఎఫ్ = వెయిట్ ఫార్వర్డ్, బరువంతా ముందుభాగాన ఉన్నట్టిది; 5 = ఐదో తరగతి బరువు గలది; ఎఫ్ = ఫ్లోటింగ్, నీటిమీద తేలునది. "లైను" అనే విశేష్యాన్ని పెట్టె ఆకారాన్ని బట్టి ఊహించుకోవాలి.

ఆక్షేపణ: ఎఫ్ అనే అక్షరం రెండుసార్లు వచ్చింది కదా, పునరుక్తి దోషం కాదా? కాదు. మొదటి ఎఫ్ ఆకారాన్ని చెబుతుంది, రెండోది తేలే గుణాన్ని చెబుతుంది. అక్షరం ఒకటే అయినా అర్థం వేరు కాబట్టి దీన్ని యమకంగా గ్రహించాలి. రెండో ఎఫ్‌కు బదులు ఎస్ ఉంటే లైను మునుగుతుంది. అంగడివాడు ఏది ఇచ్చినా తీసుకునేవారు ఈ ఒక్క అక్షరాన్నయినా చూసుకోవడం మంచిది. తేలడానికి కారణం పైపూతలో కలిపిన బోలు గాజుపూసలు, కంటికి ఆననంత సన్నటివి.

రెండో ఆక్షేపణ: 5 అంటే ఐదు కిలోల చేపను ఆపగల దారం అని కొందరు. ఇది జయంతి సరోవర్ సంస్కారం వల్ల పుట్టిన భ్రమ. అక్కడ సీసపు గుండో పిండిముద్దో ముందు ఎగిరి, వెనక దారాన్ని ఈడ్చుకుపోతుంది. దారానికి బరువుతో పనిలేదు, గట్టిగా ఉంటే చాలు. ఫ్లైకి బరువు లేదు. ఈకలు, దారప్పోగులు చుట్టిన చిన్న కొక్కెం అది. ఎంత బలంగా విసిరినా ముక్కు ముందే పడుతుంది. కాబట్టి ఇక్కడ విసిరేది లైనును. దాని బరువుకు రాడ్డు వంగి, తిరిగి నిటారుగా లేస్తూ ముందుకు నెడితే ఫ్లై ఆ వెంట ప్రయాణం చేస్తుంది. అందుచేత 5 బరువును చెప్పే సంఖ్య. మొన నుంచి మొదటి 30 అడుగులు తూస్తే 140 గ్రెయిన్లు రావాలి. 134 నుంచి 146 దాకా చెల్లుబాటు. 1833లో కుంఫిణీవారు తులాన్ని 180 గ్రెయిన్లని స్థిరపరిచారు గనుక, ఐదో నంబరు లైను ముప్పాతిక తులానికి పిసరు ఎక్కువ. ఏడో నంబరు 185 గ్రెయిన్లు, తులం దాటుతుంది. బంగారం కొలిచిన చేతికి ఈ లెక్క వెంటనే అందుతుంది.

మరి బరువుకు బదులు మందం ఎందుకు చెప్పలేదంటే, పూర్వం మందమే చెప్పేవారు. పట్టు లైన్ల కాలంలో ఒక్కో అక్షరానికి ఒక్కో మందం: డి అంటే అంగుళంలో వెయ్యింట 45 వంతులు, హెచ్ అంటే 25. హెచ్ డి హెచ్ అంటే రెండు కొసలా సన్నమై నడుమ లావైన లైను. అన్నీ పట్టువైనంత కాలం మందాన్ని బట్టి బరువు తెలిసేది. నైలాను, ఆ తరవాత ప్లాస్టిక్ పూత వచ్చాక మందం ఒకటే అయినా బరువులు వేరయ్యాయి, రాడ్లకు లైన్లు కుదరడం మానేశాయి. 1960ల ఆరంభంలో అమెరికాలోని చేపల వేట సామాను తయారీదారుల సంఘం బరువును ప్రమాణం చేసింది. ఇప్పటి తయారీదారులు మళ్లీ దాన్ని సడలిస్తున్నారు. 5 అని అచ్చువేసి అర నంబరు బరువెక్కువ పెడుతుంటారు. గ్రెయిన్ల సంఖ్య పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చదవాలి.

ఐదు కిలోల శంకకు మిగిలిన సమాధానం: లైను లోపలి నారకు అంతకన్నా ఎక్కువ బలమే ఉంటుంది. ముందు తెగేది చివర కట్టే సన్నదారం, అంటే టిప్పెట్. దాని మీద కూడా 5 ఎక్స్ అని ఇంకో ఐదు కనిపిస్తుంది, దీనికీ దానికీ చుట్టరికం లేదు. పట్టుపురుగు తంతిని లోహపు పలక చిల్లుల్లోంచి లాగి సన్నం చేసే రోజుల గుర్తు ఆ ఎక్స్. జంషెడ్‌పూరులోని ఇండియన్ స్టీల్ అండ్ వైర్ ప్రొడక్ట్స్‌లో తీగలాగే పని చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు.

తాత్పర్యం: ముందుభాగాన బరువుండి, 140 గ్రెయిన్లు తూగుతూ, నీటిమీద తేలే లైనును, చేతిపిడికి పైన 5 అని రాసి ఉన్న రాడ్డుకు జోడించవలెను.

పాఠాంతరం: డి టి – 5 – ఎఫ్ అని కొన్ని ప్రతుల్లో ఉంది. డబుల్ టేపర్, అంటే రెండు కొసలూ ఒకేలా సన్నబడేది. ఒక కొస అరిగితే తిప్పి రెండో కొస వాడుకోవచ్చు గనుక పొదుపరులకు ఇదే ప్రియపాఠం. ముందటి 30 అడుగుల్లో రెంటికీ తేడా దాదాపు లేదు. దూరం విసరాలన్నా, ఎదురుగాలి ఉన్నా మొదటి పాఠమే మేలు. సౌత్ ప్లాట్‌లో విసుర్లు ఎక్కువగా దగ్గరివే, కాబట్టి ఈ వివాదంలో పండితుల ఆవేశానికి తగినంత సరుకు లేదు. రంగు విషయమూ అంతే: తేట నీళ్లకు మట్టిరంగో ఆకుపచ్చో చాలు.

అధ్యాహారం: మూలంలో లేకపోయినా తెచ్చి కలుపుకోవలసిన పదం ఒకటుంది: నీటి చలువ. సూత్రకారులు దీన్ని వదిలేశారు, జంషెడ్‌పూరు పాఠకుడికి కావలసింది సరిగ్గా ఇదే. చన్నీటి లైనుకు మెత్తని పూత, అల్లిక నార ఉంటాయి. మే నెలలో, 40 డిగ్రీలు దాటిన ఎండలో పార్కు గడ్డి మీద సాధన చేస్తే అది వాడిన కాడలా సోలి, రాడ్డు వలయాలకు అంటుకుంటుంది. సరుకు నాసిరకమని తలచి, ఉష్ణమండలానికని చేసిన గట్టిపూత లైను కొంటే ఇక్కడ చక్కగానే ఎగురుతుంది. సౌత్ ప్లాట్‌లో, 1905 నాటి చీస్‌మన్ ఆనకట్ట నుంచి దిగివచ్చే చల్లటి నీళ్లలో, అదే లైను బిరుసెక్కి రీలు మీది చుట్టలు చుట్టలుగానే నీటిమీద పడుతుంది; ఫ్లై తిన్నగా పోదు. సిద్ధాంతం ఏమంటే, లైను నదిని బట్టి కొనాలి, ఊరిని బట్టి కాదు. పెట్టె మీద ట్రౌట్ అనో కోల్డ్ వాటర్ అనో ఉంటే గ్రాహ్యం. ట్రాపికల్ అనో బోన్‌ఫిష్ అనో ఉంటే త్యాజ్యం. కొత్త లైనును కొడుకు చేత డెన్వర్‌లోనే కొనిపించి, ఊళ్లో సాధనకు ఏదో ఒక చవక లైనును కొక్కెం తీసేసి ఉన్ని పోగు కట్టి వాడుకోవచ్చు, గడ్డి మీద మాత్రమే. తారురోడ్డు మీద లాగితే పూత గీరుకుపోతుంది.