వేంగిని రాజభోగంగా చూడటం ఎలా

చారిత్రక నగరాలు చూడాలి, అదీ బస్సుల్లో ఇరుక్కుని కాదు, సొంతానికి కారు పెట్టుకుని, మంచి గదుల్లో దిగి, మూడు రోజుల్లో హాయిగా తిరిగి రావాలి అని తాడేపల్లిగూడెంలో ఎవరు అనుకున్నా దొరికే సలహా ఒక్కటే. గన్నవరంలో విమానం ఎక్కండి, ఢిల్లీలో దిగండి, ఆగ్రా, జైపూర్ చూసి వచ్చేయండి అంటారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. అదే డబ్బు తీసి, అంతకంటే పెద్ద కారు మాట్లాడుకుని, పెదవేగి, అంటే ఒకప్పటి వేంగి, వెళ్లండి.

"అక్కడేముందండీ, దిబ్బేగా" అంటాడు డ్రైవరు. ఇంట్లోవాళ్లూ అదే అంటారు. ఆ దిబ్బ కోసమే ఈ ఖర్చంతా అని బయలుదేరకముందే చెప్పేయండి, దారిలో వాదన ఉండదు.

లెక్క చూడండి. ఢిల్లీ నుంచి ఆగ్రా దాదాపు 230 కిలోమీటర్లు, ఆగ్రా నుంచి జైపూర్ 240, జైపూర్ నుంచి మళ్లీ ఢిల్లీ 270. మూడు రోజుల్లో ఏడొందల పైచిలుకు కిలోమీటర్లు కారులో కూర్చున్నవాళ్లకు ఊళ్ల కంటే టోల్‌గేట్లే ఎక్కువ గుర్తుంటాయి. తాజ్‌మహల్ శుక్రవారం మూసి ఉంటుంది. మీ ఆగ్రా రోజు అదే అయితే యమున అవతలి ఒడ్డు నుంచి చూసి తృప్తిపడాలి. దారిలో ఫతేపూర్ సిక్రీ దగ్గర కాసేపు ఆపుతారు. అక్బరు 1571లో మొదలుపెట్టి 1585లో వదిలేసి వెళ్లిన రాజధాని అది. పట్టుమని పదిహేనేళ్లు కూడా నిలవని రాజధాని కోసం అంత దూరం వెళతాం. నాలుగో శతాబ్దం నుంచి తూర్పు చాళుక్యులు రాజమహేంద్రవరానికి మారేదాకా రాజులు మారినా పేరు మాయని వేంగిని మాత్రం, ఏలూరుకు పన్నెండు కిలోమీటర్లలో పెట్టుకుని, పామాయిల్ గెలల ట్రాక్టరు వెనక హారన్ కొట్టుకుంటూ దాటిపోతాం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

రాజభోగం అంటే ఏమిటో తెలుగువాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పల్లకీ, బోయీలు, డేరాలు, వంటవాళ్లు, ఇంటి ఆడవాళ్లు, అందరూ కలిపి వంద మంది దాకా పరివారం. హైదరాబాదు, నాగపూర్, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా చూశాడు. అంత వైభవంగా వెళ్లిన మనిషి దేనిమీద శ్రద్ధ పెట్టాడు? ఏ ఊళ్లో నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, అక్కడి జనం ఎలా బతుకుతున్నారు అన్నవి చూసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు రాస్తూ వచ్చాడు. అదే 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చయింది. డబ్బున్నందుకు ఆయన కొనుక్కున్నది తీరిక. నచ్చినచోట పల్లకీ దింపమనగలగడమే ఆయన భోగం. మీరూ డబ్బు అక్కడే పెట్టండి.

కాబట్టి మూడు రోజులకు కారు మాట్లాడుకోండి. బయటి ఊరి ప్రయాణానికి రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని లెక్క కడతారు, డ్రైవర్ బత్తా వేరు. మీరు అందులో సగం కూడా తిరగరు. పరవాలేదు, మొత్తం ఇచ్చేయండి. మిగిలిన కిలోమీటర్లు వృథా అయిపోతున్నాయని దారిలో ఇంకో గుడి, ఇంకో పార్కు చేర్చారంటే యాత్ర చెడింది. నలుగురికి ఏడు సీట్ల బండి తీసుకోండి. ఒక సీటు వెనక్కి వాల్చుకునే పెద్దవాళ్లకు, ఒకటి టిఫిన్ క్యారేజీలకు, మంచినీళ్లకు. గైడును పెట్టుకోవద్దు. ఆ సీట్లో ఊళ్లో ఎవరైనా రిటైరైన తెలుగు మాస్టారినో, సోషల్ మాస్టారినో బతిమాలి కూర్చోబెట్టుకోండి. హైస్కూలు చదివే పిల్లలుంటే వాళ్లను తప్పక తీసుకెళ్లండి, బడి పోయినా సరే.

ఇంకో సలహా, ఇది వింటే ట్రావెల్స్ వాళ్లు తల కొట్టుకుంటారు. చలికాలం దాకా ఆగకుండా శ్రావణంలో, వాన పడుతుండగా వెళ్లండి. ఎందుకో గుంటుపల్లి దగ్గర చెబుతాను.

మొదటి రోజు పొద్దుటే బయలుదేరకండి. తీరిగ్గా టిఫిన్ చేసి, ముందు మన ఊళ్లోనే యుద్ధకాలపు రన్‌వే వైపు బండి తిప్పండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు వేసిన విమానాల బాట అది. ఆ భూముల్లోనే ఇప్పుడు నిట్ ఉంది. తర్వాత ఏలూరు కాలువ ఒడ్డున ఐదు నిమిషాలు. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నీళ్లు అందుకుని, నిడదవోలు, గూడెం మీదుగా ఏలూరు చేరి కృష్ణ కాలువతో కలిసే ఈ నీటిదారి మీద ఒకప్పుడు జనమూ ధాన్యమూ పడవల్లోనే ఏలూరు వెళ్లేవి. పిల్లలకు ఇది చెప్పి బండి ఎక్కించండి. మధ్యాహ్నం ఏలూరులో దొరికిన వాటిలో మంచి గది తీసుకుని, భోజనం చేసి, ఒక కునుకు తీసి, ఎండ తగ్గాక పెదవేగి.

ఇప్పుడు అసలు సంగతి. పెదవేగిలో కోట గుమ్మం లేదు, రాజుల గోపురం లేదు, సౌండ్ అండ్ లైట్ షో లేదు. పురావస్తు శాఖ తవ్విన దిబ్బ ఉంది, పాత ఇటుకలు ఉన్నాయి, చుట్టూ పామాయిల్ తోటలు, కోకో, కొబ్బరి ఉన్నాయి. దేశానికంతటికీ పామాయిల్ పంట మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ కూడా ఈ ఊళ్లోనే ఉంది. చూడటానికి ఇంత తక్కువ ఉంది కనుకే ఇక్కడ ఎక్కువసేపు ఉండమంటున్నాను. మిగతా చోట్ల కంటికి పని ఉంటుంది, ఇక్కడ బుద్ధికి పని. దిబ్బ పక్కన చాప పరుచుకుని కూర్చుని మాస్టారిని మొదలుపెట్టమనండి.

రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలమీ సలకెనోయ్ అనే జనం గురించి, వాళ్ల బెనగౌరాన్ పట్నం గురించి రాశాడు. శాలంకాయనులూ వేంగీపురమూ అవేనని చరిత్రకారులు గుర్తించారు. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణానికి దండెత్తి వచ్చినప్పుడు ఎదుర్కొన్న రాజుల జాబితా అలహాబాదు స్తంభం మీద ఉంది. అందులో వేంగి రాజు హస్తివర్మ పేరు చెక్కి ఉంది. మనవాళ్లు ప్రయాగ వెళ్లి త్రివేణిలో మునిగి వస్తారు. ఆ ఊళ్లోనే రాతి మీద మన పక్క ఊరి రాజు పేరు ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. శాలంకాయనులు చిత్రరథస్వామిని, అంటే సూర్యుణ్ణి కొలిచారని వాళ్ల రాగిరేకులు చెబుతాయి. బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి ఈ సీమను గెలిచి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడికి అప్పగిస్తే, 624లో మొదలైన ఆ తమ్ముడి వంశం వేంగీ చాళుక్యులుగా పేరుపడింది. మరి కొన్నేళ్లకే చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఆంధ్రదేశం వచ్చి దాని రాజధాని గురించి రాసిపెట్టాడు. ఆయన పింగ్-కీ-లో అన్నది ఈ వేంగినే అంటారు. ఆ వంశంలోని వాడే రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించినవాడు. తెలుగులో మనం చదువుకునే మొదటి కావ్యం వెనక ఈ దిబ్బ ఉంది.

ఇదంతా అక్కడ కూర్చునే చెప్పించుకోండి, కారులో చెప్పించుకోవద్దు. డ్రైవర్ని బండి దగ్గర వదిలేయకండి. "రా తమ్ముడూ, నువ్వూ కూర్చో" అనండి. నెలకు ఎన్నిసార్లో ఈ రోడ్డు మీద తిరిగేది అతనే. రేపు ఇంకొకళ్లు "అక్కడేముంది" అంటే జవాబు అతని దగ్గర ఉండాలి. చీకటి పడేదాకా ఉండి, గదికి వచ్చి పడుకుని, రెండో రోజు పొద్దున్నే గుంటుపల్లి వెళ్లేముందు మళ్లీ అదే దిబ్బ దగ్గర అరగంట ఆగండి. చూసిన చోటికే మళ్లీ ఏమిటని పిల్లలు అడుగుతారు. నిన్న కథ తెలియక చూశారు, ఇవాళ తెలిసి చూస్తారు.

గుంటుపల్లి కొండ కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం పక్కన. డెల్టా దాటి ఎర్రనేల మెట్టలోకి వచ్చేస్తారు. వానలో రమ్మన్నది దీనికోసం. బౌద్ధ భిక్షువులు ఏడాదంతా తిరుగుతూ, ఆషాఢ పౌర్ణమి తర్వాత వాన మూడు నెలలూ ఒకేచోట ఉండిపోయేవారు. కొండను తొలిచి గదులు చేసుకున్నది అందుకే. జనవరి ఎండలో ఆ గదులు చూసి "అబ్బ, ఇంత చిన్నవా" అనుకుని వచ్చేస్తాం. వాన దంచుతుండగా లోపల నిలబడితే అవి ఎందుకు తొలిచారో, ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మెట్లు జారతాయి. ముసలివాళ్లకు చేతికర్ర, అందరికీ పట్టున్న చెప్పులు ఉండాలి. ఉరుములుంటే మాత్రం కిందే ఆగండి.

గుండ్రటి చైత్యగుహ దగ్గర ఎంతసేపున్నా తనివి తీరదు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం ప్రాంతపు పని. నడుమ రాతి స్తూపం, చుట్టూ తిరగడానికి చోటు. తల ఎత్తి చూస్తే గుడిసె కప్పుకు వాసాలు వేసినట్టు రాతిలోనే వాసాలు చెక్కారు. కర్రతో కట్టడం తెలిసినవాళ్లు రాయి తొలచడం మొదలుపెట్టిన కాలం అది. చేతులు రాయి మీద ఉన్నా మనసు ఇంకా కర్ర మీదే ఉంది. ఇలాంటివే బీహారులో బరాబర్ కొండల మీద ఉన్నాయి, అవి చూడటానికి గయ దాకా వెళ్లాలి. ఊరివాళ్లు ఈ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలిచారు. దాన్ని తప్పని దిద్దకండి. రెండు వేల ఏళ్లుగా ఎవరో ఒకరు దీపం పెట్టాలనుకున్న చోటు అది.

పైకి వెళితే ఇటుక చైత్యం, విహారాల వరుస, రాతి మెట్ట మీద గుంపుగా మొక్కుబడి స్తూపాలు. కళింగ మహిషకాధిపతి మహామేఘవాహన సిరిసదుడనే రాజు పేరున్న శాసనం ఇక్కడ దొరికింది. మండపం కట్టించి దానమిచ్చింది రాజు కాదు, ఆయన దగ్గర లేఖకుడు. ఆఫీసుల్లో గుమాస్తాలుగా చేసి రిటైరైన నాన్నల్ని, మావయ్యల్ని తీసుకెళ్లినవాళ్లు ఆ సంగతి వాళ్లకు చెప్పండి. ఇక్కడ ఫోను జేబులో పెట్టించి, పిల్లలకు ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి గుండ్రటి గుహ కొలతలు అడుగులతో వేయమనండి. ఫోటో తీస్తే నిమిషం, పటం గీస్తే గంట. ఆ గంట కావాలి.

ద్వారకాతిరుమల దారిలోనే ఉంది కనుక దర్శనం చేసుకోండి. ఒకే గర్భగుడిలో ఇద్దరు మూలవిరాట్టులు, ఏడాదికి రెండు కళ్యాణాలు ఉన్న క్షేత్రం. టికెట్ కొని ముందుకెళ్లే తొందర మీకు లేదు, రోజంతా మీదే. ఉచిత క్యూలో నిలబడండి. పక్కన నిలబడ్డ మెట్ట రైతు దగ్గర మీరు దిగివచ్చిన కొండ గురించి గైడు పుస్తకంలో లేనివి వింటారు.

మూడో రోజు కొల్లేరు. పక్షుల కోసమైతే చలికాలంలో ఆటపాక రమ్మంటారు, గూడబాతులు అప్పుడే గుంపులుగా కనిపిస్తాయి. నేను నీళ్ల కోసం రమ్మంటున్నాను. తమ్మిలేరు, బుడమేరు వచ్చి పడుతుంటే, ఒక్క ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాల్సిన నీరు ఎలా పరుచుకుంటుందో వానాకాలంలోనే కనబడుతుంది. ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని 1999లో ఎందుకు ప్రకటించారో, 2006లో చేపల చెరువుల గట్లు ఎందుకు కొట్టారో, ఆ లంకల్లో బతికేవాళ్లకు అది ఎందుకు గుండెకోతో, మూడూ ఒకేసారి అర్థమవుతాయి. 634 నాటి ఐహోలు శాసనంలో పులకేశి యుద్ధంలో నెత్తురుతో ఎర్రబడిన కునాల జలం ఈ సరస్సేనని చరిత్రకారుల మాట. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దగ్గర కూర్చుని అక్కడి కథ అడగండి. సరస్సు నడుమ ఉన్న గజపతుల కోటను చేరలేక, సరస్సునే ఎండగట్టాలని శత్రువులు ఉప్పుటేరు తవ్వారట, అది సాగాలని ఒక సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడట. కథ ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అన్నీ వినండి, ఏది నిజమని తేల్చకండి. మధ్యాహ్నం కైకలూరు వైపు కొరమీను పులుసుతో భోజనం చేయండి.

వరద హెచ్చరిక ఉంటే మాత్రం కొల్లేరు మానేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీళ్లన్నీ ఇటే వచ్చాయి. లంక ఊళ్ల రోడ్లు మునిగే రోజుల్లో షికారుగా వెళ్లి అక్కడివాళ్లకు అడ్డం పడటం తగదు. ఆ రోజు ఏలూరులోనే ఉండి తివాచీలు నేసేవాళ్ల ఇళ్లకు వెళ్లండి. ఎప్పుడో పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పని ఇది అంటారు. నూలు పడుగు మీద ఉన్ని ముడులు ఒక్కొక్కటే వేసి, కత్తిరించి, దువ్వి, ఒక్క తివాచీకి నెలలు పెడతారు. మగ్గం ముందు కాసేపు నేల మీద కూర్చుని ముడులు లెక్కపెట్టండి. ఆ తర్వాత ధర అడిగి, చెప్పినంతా ఇవ్వండి. బేరం ఆడొద్దు. ఢిల్లీ విమానం టికెట్ల డబ్బు మీ దగ్గర ఇంకా ఉంది.