లారీ ఆఖరున కొనండి

కలప వ్యాపారంలోకి దిగే కుర్రాడికి పెద్దలు చెప్పే వరస ఒకటుంది. ముందు లారీ, తర్వాత క్రేను, అవి తిరిగి సంపాదించిపెట్టాక సామిల్లు. నేను ఈ వరసను పూర్తిగా తిరగేసి చెబుతాను. ముందు రంపం పదును పెట్టే మేస్త్రిని వెతకండి. తర్వాత రంపం, ఆ తర్వాత షెడ్డు. క్రేను వీలైనంత కాలం అద్దెకే తెచ్చుకోండి. లారీ అన్నిటికన్నా ఆఖరున, అదీ తప్పనిసరైతేనే. ఈ మాట చెబితే అడితుల్లో పెద్దమనుషులు తల అడ్డంగా ఊపుతారు. లారీ లేనివాడికి కలప ఎవడిస్తాడని అడుగుతారు. డబ్బు చేతిలో పెట్టినవాడికి రైతు కలప ఇస్తాడు. లారీ కిస్తీలు కడుతున్నవాడి చేతిలో ఆ డబ్బే ఉండదు.

మేస్త్రి సంగతి ముందు ఎందుకంటే, సామిల్లులో లాభం పంటి దగ్గరే తేలిపోతుంది. అడుగు చదరం దూలాన్ని అంగుళం మందం పలకలుగా కోయాలనుకోండి. గుండ్రటి రంపం ఒక్కో గాటుకు 6 మిల్లీమీటర్ల కలపను పొట్టు చేస్తే మీకు 9 పలకలు వస్తాయి, పదోది చాలదు. బ్యాండ్ సా మీద, పళ్ళ సెట్టింగు సరిగ్గా ఉండి గాటు 2 మిల్లీమీటర్లకు తగ్గితే అదే దూలంలో 11 పలకలు దిగుతాయి. దూలం ధర మారలేదు, కరెంటు బిల్లు పెద్దగా మారలేదు, రెండు పలకలు ఊరికే వచ్చాయి. ఆ రెండు పలకలు ఇచ్చేది మిషను కంపెనీ కాదు, ఆకురాయి పట్టిన చెయ్యి. అందుకే ఆ మేస్త్రికి గుమాస్తాకన్నా ఎక్కువ జీతం ఇవ్వండి. అతనికి గాలీ వెలుతురూ ఉన్న గది కట్టించండి. చాలా మిల్లుల్లో అతణ్ణి పొట్టు గుట్టల వెనక చీకటి మూలలో కూర్చోబెడతారు. అది నాకు బొత్తిగా నచ్చదు.

బ్యాండ్ సా కొనేటప్పుడు పెద్ద చక్రాల మిషను మీదికి మనసు పోతుంది. వద్దు, చిన్నదే కొనండి. బ్లేడు మందం చక్రం వ్యాసంలో వెయ్యో వంతు ఉండాలన్నది పాత లెక్క. 36 అంగుళాల చక్రానికి 0.9 మిల్లీమీటర్ల బ్లేడు చాలు, 48 అంగుళాలకు 1.2 కావాలి. మన దగ్గర ఇప్పుడు దొరికేది ఎక్కువగా తోటల్లో పెంచిన కర్ర, రెండు మూడు అడుగుల చుట్టుకొలత. దానికి పల్చటి బ్లేడే న్యాయం చేస్తుంది. మీ ప్రాంతంలో కర్ర అంతా సుబాబుల్, సర్వి అయ్యి, అదంతా రాజమండ్రికో భద్రాచలం పక్కన సారపాకకో కాగితం మిల్లులకు పోతుంటే మీకసలు రంపమే అక్కర్లేదు. ఆ కర్రను టన్నుల్లో కొంటారు, నరికి ఎండబెట్టిన ప్రతి రోజూ తూకం తగ్గుతుంది. అక్కడ కావలసింది త్వరగా కదిలే ట్రాక్టరు.

ఇక మిల్లు నడిపేవాళ్ళకు మింగుడుపడని సలహా. రంపం బాగా కోస్తున్నప్పుడే ఆపేయండి. మొద్దుబారాక మార్చుదామనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది. మొద్దుబారిన రంపం తిన్నగా పోదు, పలక ఒకచోట లావు, ఒకచోట సన్నం వస్తుంది. దాన్ని మళ్ళీ చిత్రిక పట్టి సరిచేసేసరికి మీరు మిగుల్చుకున్న రెండు పలకలూ పోతాయి. గడియారం చూసి, మూడు గంటలకొకసారి బ్లేడు మార్చండి. గట్టి కర్రయితే ఇంకా ముందే మార్చాలి. గడియారం మీద నమ్మకం లేకపోతే పొట్టును గుప్పెట్లోకి తీసుకోండి. పదునున్న రంపం పొట్టు రవ్వలా గరగరలాడుతుంది. వేళ్ళ మధ్య పిండిలా జారిపోతూ కాస్త మాడు వాసన వేస్తే మేస్త్రిని పిలవాలి. సాయంత్రం మిల్లు కట్టేశాక చక్రాల బిగువు వదలమనండి. వేడెక్కిన బ్లేడు రాత్రి చల్లబడి కుంచించుకుంటుంది, బిగువు అలాగే ఉంటే బ్లేడుకు నెర్రె వస్తుంది. తెల్లారి మొదటి దుంగ మీదే అది తెగి ఎగిరితే ఎదురుగా నిలబడ్డవాడి గతేమిటో ఆలోచించండి.

ఊళ్ళో చెట్టు చవగ్గా వస్తుంది, కొనకండి. ఇళ్ళ పక్కా రోడ్డు వారా పెరిగిన చెట్టుకు బట్టల తాడు మేకులు, కంచె తీగ, పోయిన ఎన్నికల బోర్డు కొట్టిన మేకులు ఉంటాయి. చెట్టు వాటిని మింగేసి పైన బెరడు కప్పుకుంటుంది. దుంగ కొన మీద నల్లగా నీలంగా సిరా చుక్కలాంటి మరక కనిపిస్తే లోపల ఇనుముందని అనుమానించండి. ఇనుము తగిలితే కర్రలోని వగరు పదార్థం అలా రంగు మారుతుంది. తుమ్మలో, టేకులో ఈ మరక బాగా తెలుస్తుంది. అంతగా ఊరి చెట్టే కొనాల్సివస్తే మొదటి అయిదడుగులు వంటచెరుకు లెక్కలో కట్టండి. జామాయిల్ దుంగలకు గొడవ ఇంకొకటి. కొట్టిన కొద్ది రోజులకే కొనలు చీలుతాయి. ఆ చెట్టు పెరిగేటప్పుడే లోపల బిగువు పేరుకుంటుంది, కొట్టగానే అది బయటపడుతుంది. టేకును ఆరబెట్టినట్టు దీన్ని ఆరబెడదామని అడితిలో వదిలేస్తే మిగిలేది పగుళ్ళే. నీళ్ళు కొడుతూ ఉంచండి, లేదా వచ్చిన వెంటనే కోసేయండి.

ఇప్పుడు కొలత. ఇక్కడ అందరూ నమ్మే లెక్క ఒకటి లారీలను ముంచుతోంది. మన దగ్గర దుంగను చుట్టుకొలతలో నాలుగో వంతును చదరం చేసి పొడవుతో గుణించి కొంటారు. 60 అంగుళాల చుట్టు, 12 అడుగుల పొడవున్న దుంగ ఆ లెక్కలో 18.75 ఘనపుటడుగులు. నిజంగా ఆ దుంగలో ఉన్న కర్ర దాదాపు 24. పెచ్చులు, బెరడు పోతాయని కొనేవాడికి వదిలిపెట్టిన భాగమది, కొనేవరకూ న్యాయమే. కానీ లారీ టైర్లకు ఆ 24 మొత్తం తెలుస్తుంది. అప్పుడే కొట్టిన పచ్చి జామాయిల్ ఘనపు మీటరుకు సుమారు టన్ను తూగుతుంది. పది చక్రాల లారీకి సుమారు 28 టన్నులు హద్దు, బండీ తొట్టీ కలిపి పది టన్నులనుకుంటే మిగిలింది 18. బిల్లు మీది లెక్క చూసి 635 ఘనపుటడుగులు ఎక్కించినవాడు 18 టన్నులే అనుకుంటాడు. కాటా మీద అది 23 టన్నులకు దగ్గరవుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన టన్నుకు 2,000. అయిదు టన్నులంటే 30,000, పైగా అదనపు దుంగలు రోడ్డు మీదే దింపించాలి. కాబట్టి పచ్చి కర్రయితే అడుగుల లెక్కలో 500 దగ్గరే ఆపేయండి. లారీ సగం ఖాళీగా పోతున్నట్టు కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

క్రేను విషయంలో ప్లేటు మీది టన్నుల అంకెను పట్టించుకోకండి. పైన చెప్పిన దుంగ బరువు ఏడు వందల కిలోల లోపే. పద్నాలుగు టన్నుల హైడ్రా దానికెందుకు? ఆ పద్నాలుగు కూడా బూమ్ ముడుచుకుని, బరువు చక్రాలకు దగ్గరగా ఉన్నప్పటి మాట. లారీ అవతలి అంచుదాకా బూమ్ చాచితే ఎత్తగల బరువు బాగా పడిపోతుంది. అంతెత్తున దుంగ వేలాడుతుండగా మలుపు తిప్పితే, నేల కాస్త వాలుగా ఉంటే, బండి పక్కకు ఒరుగుతుంది. అందుకే క్రేను అద్దెకు తెచ్చేటప్పుడు టన్నులు అడగకండి, మీ లారీకి కావలసినంత దూరంలో ఎంత ఎత్తుతుందో పట్టికలో చూపించమనండి. చూపించలేనివాణ్ణి తిప్పి పంపండి. రోజుకు నాలుగైదు దుంగలకు మించని చోట క్రేనే అక్కర్లేదు. రెండు గట్టి దూలాలు లారీకి వాలుగా ఆనించి, మోకు దుంగ కింది నుంచి చుట్టి రెండు కొసలూ పైకి లాగితే దుంగ దానంతటదే దొర్లుకుంటూ ఎక్కుతుంది. ముఠా మేస్త్రులకు ఈ పని ఎవరూ నేర్పక్కర్లేదు. దొర్లే దుంగ కింది వైపు మాత్రం ఒక్కరినీ నిలబడనివ్వద్దు.

చివరికి లారీ కొనే రోజు వస్తే హైవేని చూసి కొనకండి. తోట నుంచి తారు రోడ్డుదాకా ఉన్న దారిని చూసి కొనండి. కాలవ గట్టు, నల్లరేగడి, మలుపులో విద్యుత్ స్తంభం, ఇవే అసలు పరీక్ష. పన్నెండు చక్రాల లారీ అక్కడ దిగబడితే దాన్ని లాగడానికి తెచ్చిన జేసీబీ అద్దె ఆ రోజు లాభం తినేస్తుంది. పొట్టి ఆరు చక్రాల బండి, లేదా రోడ్డుదాకా ట్రాక్టరు ట్రక్కు, నాకు ఇవే మేలనిపిస్తాయి. క్యాబిన్ వెనక ఉక్కు గోడ, పక్కన బలమైన గుంజలు, గొలుసులు, వీటికి ఖర్చు పెట్టండి, రంగులకూ హారన్లకూ వద్దు. బ్రేకు కొడితే ముందుకు జారే దుంగకు డ్రైవరు వీపే అడ్డం. ముఠా వాళ్ళను లోడు మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళడం మన జిల్లాల్లో రోజూ కనిపిస్తుంది, ఎవరూ ఏమీ అనరు. మీరు అనండి. వాళ్ళను బస్సులో పంపండి, ఆటోలో పంపండి, ఆ ఖర్చు మీ ధరలో కలుపుకోండి. కలుపుకుంటే బేరం పోతుందంటే ఆ బేరం వదులుకోండి.

మూతబడ్డ మిల్లు చవగ్గా ఉందని ఎవరైనా చెబితే మిషన్ల జోలికి పోకుండా ముందు కాగితాలు అడగండి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్రం అనుమతి లేకుండా అడవుల్లో నడిచే సామిల్లులను ఆపించింది. 2016 మార్గదర్శకాల తర్వాత కొత్త లైసెన్సులు రాష్ట్ర స్థాయి కమిటీ చేతిలో ఉన్నాయి, కర్ర లభ్యత చూశాకే ఇస్తారు. కొన్న మిషను రవాణా అవుతుంది, లైసెన్సు దానితోపాటు మీ ఊరికి రాదు. ఆ సంగతి అటవీ డివిజన్ ఆఫీసులో మీరే స్వయంగా వెళ్ళి అడగండి, బ్రోకరు మాట తీసుకోకండి.

తుపాను వచ్చిన ఏడాది ఏమీ కొనకండి. 2014లో హుద్‌హుద్ విశాఖలో, 2018లో తిత్లీ ఉద్దానంలో లెక్కలేనన్ని చెట్లు పడగొట్టాయి. అలాంటప్పుడు కర్ర చవగ్గా, రంపాలూ లారీలూ ప్రియంగా ఉంటాయి. పడిన చెట్టు నారలో కనపడని విరుగుళ్ళుంటాయి, వేళ్ళ దగ్గర ఇసుకా రాళ్ళూ ఉంటాయి, బ్లేడు ఒక్క పూటలో అరిగిపోతుంది. ఆ నెలల్లో మీ మేస్త్రిని ఊళ్ళోవాళ్ళ రంపాలు పదును పెట్టడానికి పంపండి. మీ రంపం పాత నిల్వే కోయనివ్వండి. వానలు వెలిశాక అదే లారీ, అదే క్రేను అమ్మకానికి వస్తాయి. అప్పుడు బూమ్ కీళ్ళ దగ్గర కొత్త వెల్డింగు ఉందేమో, లారీ ఛాసిస్ మీద పగుళ్ళ గీతలు ఉన్నాయేమో తడిమి చూసి, నిండు లోడుతో కాలవ గట్టు ఎక్కించి, దింపించి, ఆ తర్వాత ధర మాట్లాడండి.