బైకువీర పద్యానికి విశాఖ టీకా

అవతారిక

బండి కొన్నప్పుడు షోరూములో చేతికిచ్చే చిన్న పుస్తకం ఓనర్స్ మాన్యువల్. అది స్మృతి. ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పి ఊరుకుంటుంది. వర్క్‌షాపుల కోసం కంపెనీ వేసే లావుపాటి సర్వీస్ మాన్యువల్ శ్రుతి. విప్పడం గురించి అందులో బొమ్మలతో సహా పేజీలకు పేజీలు ఉంటాయి. బిగించడం దగ్గరికి వచ్చేసరికి గ్రంథకర్త మహా మితభాషి. విప్పిన క్రమానికి తలకిందులుగా బిగించుకోమని ఒక్క ముక్క చెప్పి అధ్యాయం ముగిస్తాడు. ఆ ఒక్క ముక్కను కంఠస్థానికి వీలుగా ఆటవెలదిలో ఇమిడ్చి, సి షిఫ్టు దిగి వచ్చి గాజువాకలో ఇంటి ముందు బండి విప్పుకొనే ఉక్కు కార్మికుడి హితం కోరి ఈ టీకా రాయడమైనది. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని కాళిదాస వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయనకు విశాఖ ఉప్పుగాలితో పని పడలేదు. కనుక మూలంలో లేనిదీ కొంత రాయక తప్పలేదు.

మూలం

విప్పినట్టి వరుస వెనుకకు మరలించి
మరలు వాని చోట మరల నుంచి
పుస్తకమున నున్న పూర్తి బిగువుతోడ
బండి గట్టవలయు బైకువీర!

ప్రతిపదార్థం

బైకువీర = ఓ బండి యజమానీ! (ఆదివారం పొద్దున్నే పానా పట్టినందుకు ఈ బిరుదు, సాయంత్రం దాకా నిలుస్తుందన్న హామీ లేదు)
విప్పినట్టి వరుస = భాగాలను ఊడదీసిన క్రమాన్ని
వెనుకకు మరలించి = చివరిది మొదటగా తిప్పి
మరలు = బోల్టులను, నట్లను, స్క్రూలను
వాని చోట = వాటి వాటి స్థానాలలోనే
మరలన్ ఉంచి = తిరిగి పెట్టి
పుస్తకమునన్ ఉన్న = మాన్యువల్ పట్టికలో చెప్పిన
పూర్తి బిగువుతోడన్ = ఎక్కువా తక్కువా కాని టార్కుతో
బండి కట్టవలయున్ = వాహనాన్ని తిరిగి కూర్చవలెను (ఎడ్లను పూన్చుట అని ఇక్కడ అర్థం కాదు)

తాత్పర్యం

ఓ బైకు యజమానీ! ఊడదీసిన క్రమానికి ఎదురుగా వెళ్ళి, ఏ మర ఎక్కడిదో అక్కడే పెట్టి, పుస్తకం చెప్పినంత బిగువుతో బండిని కూర్చుకోవాలి అని భావం.

విశేషాలు

1. ‘వరుస’: వరుసను వెనక్కి తిప్పాలంటే ముందు అది గుర్తుండాలి. మూలం ఈ సంగతి చెప్పదు, అధ్యాహారం చేసుకోవాలి. ఒక్కో భాగం విప్పే ముందు ఫోటో తీయడం శిష్టాచారం. అట్టముక్క మీద ఇంజను కవరు బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోట గుచ్చడం వృద్ధాచారం. కవరు బోల్టుల్లో పొడుగువీ పొట్టివీ ఉంటాయి. పొట్టి రంధ్రంలో పొడుగు బోల్టు బిగిస్తే అడుగు తగిలి ఇంజను కేసు పగలవచ్చు. సిలిండర్ హెడ్డు నట్లకైతే గుండ్రంగా పోయే వరుస పనికిరాదు. ఎదురెదురుగా, దఫదఫాలుగా బిగించాలి.

2. ‘మరలు’: అన్నీ తిరిగి పెట్టమనలేదు, మరలే పెట్టమన్నాడు. ఆయిల్ డ్రెయిన్ బోల్టు కింది వాషరు ఒకసారి నలిగాక దాని ధర్మం తీరిపోయింది. గాస్కెట్టు, స్ప్లిట్ పిన్ను కూడా అంతే. వీటికి పునర్జన్మ లేదు, కొత్తవి కొనాలి.

3. ‘పూర్తి బిగువు’: వ్యాఖ్యాతలు తరచు జారిపడేది ఇక్కడే. చిన్న బళ్ళ డ్రెయిన్ బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు చెబుతారు. అంటే పావు మీటరు పానా చివర 10 కిలోలు వేలాడదీసినంత బలం. పానాకు పైపు తొడిగి మీద నిలబడే భక్తి ఇక్కడ అపచారం. బోల్టు ఉక్కు, ఇంజను కేసు అల్యూమినియం. పోరు ముదిరితే మర పోయేది అల్యూమినియానిదే. అదీగాక, మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే ఖర్చవుతుంది. పట్టుగా మిగిలేది పదో వంతు. పుస్తకంలో వేరుగా చెప్పకపోతే ఆ అంకె పొడి మరలకని గ్రహించాలి. అదే అంకెతో నూనె రాసిన బోల్టును బిగిస్తే రాపిడి తగ్గి పట్టు పెరుగుతుంది, బోల్టు సాగుతుంది.

4. విశాఖ ధర్మసందేహం: మన ఉక్కు కర్మాగారం దేశంలో సముద్రతీరాన కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం. ఉక్కు పుట్టే ఊళ్ళోనే ఉక్కుకు ఆయుష్షు తక్కువ. గాలిలోని ఉప్పు తేమను పీల్చి బోల్టు తలను తడిగా ఉంచుతుంది. తుప్పుకు అంతకన్నా మంచి పొలం దొరకదు. బీచ్ రోడ్డులో తిరిగే బండికి గ్రీజు రాయకపోతే వచ్చే ఏడు ఆ బోల్టు విరిగి వస్తుంది. రాస్తే పుస్తకం అంకె తప్పుతుంది. సమన్వయం ఇది: ఇంజను బోల్టులకు పుస్తకమే ప్రమాణం. ఉప్పు తగిలే ఫుట్‌రెస్టు, మడ్‌గార్డు బోల్టులకు గ్రీజు రాసి, బిగువు కొంత తగ్గించాలి. దుమ్ములో తిరిగే బళ్ళకు సర్వీసు గడువు తగ్గించుకోమని పుస్తకాలే చెబుతాయి. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుతూ ఎక్కుతూ ఉండే ఊళ్ళో ఎయిర్ ఫిల్టరుకు ఆ విధి నిత్యం.

పాఠాంతరం

‘పుస్తకమున నున్న’ అన్నచోట కొందరు మెకానిక్కుల సంప్రదాయం ‘చేతికి తెలిసినంత’ అని. “బుక్కు సెప్పాలేటి బాబూ, మన సెయ్యికి తెలీదేటి?” అని వారి వాదం. ఏళ్ళ తరబడి పానా పట్టిన చేతికి ఈ పాఠం చెల్లుతుంది. ఆదివారపు చేతికి చెల్లదు. మరలు మిగిలితే కంపెనీవాడు ఎక్కువ పెట్టాడనే పాఠం ప్రక్షిప్తం.

అలంకార రసాలు

మరలు, మరల అనే చోట యమకం. రసం మొదట వీరం. డ్రెయిన్ బోల్టు ఎంత తిప్పినా బిగియనప్పుడు కరుణం.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివితే బండి బాగుపడదు, పాటిస్తే పడుతుంది. టార్క్ రెంచి లేనివాడు మాన్యువల్ సగమే చదివినట్టు లెక్క. బ్రేకుల పని మీద నమ్మకం చాలనివాడు సిగ్గుపడకుండా మెకానిక్కుకే అప్పగించాలి. మిగతావారు ఏ పని చేసినా తేదీ, కిలోమీటరు, పెట్టిన బిగువు మాన్యువల్ అంచునే రాసుకోండి. కంపెనీ రాయని ఉప్పుగాలి అధ్యాయం మనమే రాసుకోవాలి.